హ్యాపీ దుర్గ

తెనాలి,
కార్తీక సోమవారం.

అక్క సింహాచలానికి,

నీ చెల్లెలు నాగమణి దండం పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ దుర్గా గట్టిగానే ఉన్నాం. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నేను పంపిన తైలం రాస్తున్నావా, లేక అది కూడా అలమరలో దాచావా? బావకి దగ్గు తగ్గిందా? మా ఆయన వేళకి తింటున్నాడా, లేక నువ్వు పెట్టింది పిల్లికి వేసి బీడీలతో కడుపు నింపుకుంటున్నాడా? మీరంతా చల్లగా ఉన్నారని వచ్చేపోయే వాళ్లు చెబుతూనే ఉన్నారు గాని, ఆ మాట నీ వంకర రాతలో చూస్తేగాని నాకు తృప్తి ఉండదు.

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం చేతికి అందగానే చింపి చదవకు. పడవ ఒడ్డున ఉందో లేదో చూసుకో. బావా మా ఆయనా ఇద్దరూ ఇంట్లో కూర్చుని నీ చేత తిట్లు తింటున్నప్పుడు చదువు. నువ్వు వేలు పెట్టుకుని పైకి చదువుతావు, వీధి వీధంతా వింటుంది. ఇందులో మనం అనకూడని మాటలున్నాయి. మగవాళ్లు సముద్రంలో ఉన్నప్పుడు ఇంట్లో ఆడది భయమనిగాని, దిగులనిగాని నోరు జారితే సముద్రం వింటుందని అమ్మ మన మూతుల మీద కొట్టిన దెబ్బలు నేను మర్చిపోలేదు. పడవ మొగ దాటి సముద్రంలోకి పోయి ఉంటే ఈ కాగితాన్ని బియ్యం డబ్బాలో దూర్చేసి నీ పని చూసుకో.

ఇప్పటిదాకా నీకు ఎన్ని ఉత్తరాలు రాశానో, అన్నిట్లోనూ ఒకటే పాట. మేం బాగున్నాం, మాకేం లోటు లేదు, బాగున్నాం. అందులో అబద్ధమేమీ లేదు. కానీ నిజమంతా లేదు. ఈసారి అంతా రాస్తాను.

ఇంగ్లీషు స్కూల్లో ఆయా పని నాకు బాగా అలవాటైంది. పొద్దున్నే గేటు తీయడం, గదులు ఊడవడం, నీళ్ల డ్రమ్ము నింపడం, గంట కొట్టడం, లోపలికి రానని గుమ్మం పట్టుకుని ఏడ్చేవాళ్లని చంకనేసుకుపోయి బెంచీ మీద కుదేయడం. నేను ఆయాగా ఉన్నంతకాలం దుర్గకి ఫీజు లేదన్నారు కాబట్టి ఊళ్లో అందరి పిల్లల ముక్కులూ తుడవమన్నా తుడుస్తాను. మేముండేది రూతు టీచరు గారి పెరట్లో ఉన్న రేకుల గది. రూతు టీచరంటే మూడో తరగతికి, అంటే మన దుర్గకి, క్లాసు టీచరు. అంగలకుదురు మనిషి. లూథరన్ చర్చివాళ్లు. పెళ్లి చేసుకోలేదు, వయసు మన అమ్మ కంటే కాస్త తక్కువ. గొంతు మెత్తన, చూపు మాత్రం గట్టిది. అబద్ధమాడదామని నోరు తెరిచినా ఆ చూపుకి మూతపడిపోతుంది.

ఊరు మంచిదే అక్కా. ఊరి మధ్య నుంచి కాలవలు పోతాయి. నీళ్లు నీళ్లే గాని చప్పుడు లేదు. వచ్చిన కొత్తలో ఆ నిశ్శబ్దానికి నాకు నిద్రే పట్టలేదు. చేపలు దొరుకుతాయి, కాలవ చేప, ఎంత పులుపు పోసినా బురద వాసన వదలదు. మొన్న నువ్వు పంపిన ఎండు నెత్తళ్లు వేయిస్తే పక్కింటావిడ కిటికీలన్నీ టపటపా మూసేసింది. మూస్తే మూయనీ. మళ్లీ ఎవరైనా రేపల్లె రైలెక్కి ఇటు వస్తుంటే ఇంకాసిని పంపు. కాసింత రొయ్యపొట్టు కూడా. ఈసారి గుడ్డలో కట్టి పైన ప్లాస్టిక్ కవరు చుట్టు, రైల్లో తెచ్చేవాళ్ల చేత మాటలు పడటం నా వల్ల కాదు.

ఇక అసలు సంగతి. ఇంగ్లీషంటే ఏబీసీడీలూ, కుక్కకీ పిల్లికీ పేర్లూ అనుకున్నాను. లోపల కలిగేవాటికి కూడా ఇంగ్లీషులో ఇన్ని పేర్లుంటాయని నాకేం తెలుసు! రూతు టీచరు గారి క్లాసులో గోడ మీద తలుపంత అట్ట ఒకటి ఉంది. దాని నిండా మొహాలు గీశారావిడ. నవ్వే మొహం, ఏడ్చే మొహం, కళ్లు ఇంతింత చేసుకున్న మొహం, మూతి ముడుచుకున్న మొహం. ఒక్కొక్క మొహం కింద ఒక్కొక్క మాట. హ్యాపీ అంటే సంతోషం. శాడ్ అంటే దుఃఖం. అఫ్రెయిడ్ అంటే భయం. లోన్లీ అంటే ఎవరూ లేరనిపించడం. కోపమైతే ఒక్క మాటతో సరిపెట్టలేదు. కాస్త చిరాకైతే అన్నాయ్‌డ్ అట, కోపమైతే యాంగ్రీ, ఒళ్లు తెలియనంత కోపమైతే ఫ్యూరియస్. బావ తాగి వచ్చిన రోజు నువ్వుండేది ఫ్యూరియస్సే.

గది ఊడుస్తూ ఊడుస్తూ ఆ అట్ట ముందు చీపురు పట్టుకుని నిలబడిపోతాను. దుర్గ చేత చెప్పించుకుని కూడబలుక్కుని చదువుతాను. ఇవన్నీ నాలో ఉన్నవే! ఎవరో వచ్చి నా లోపల చూసి, దేనికి దానికి పేరు పెట్టి వెళ్లినట్టుంది. రెక్కాడితేగాని గడవని మనకి లోపల ఇంత సరంజామా ఉందని ఎవరైనా చెప్పారా అక్కా?

అంతకంటే వింత ఇంకోటుంది. పొద్దున ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే వెళ్లి అట్ట మీద ఒక మొహాన్ని ముట్టుకుని ఆ రోజు తమకెలా ఉందో చెప్పాలి. బాపట్ల నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు గారబ్బాయి ఒకడున్నాడు. వాడు ఒకరోజు నడుము మీద చేతులు పెట్టుకుని, 'టీచర్, ఐ యామ్ యాంగ్రీ విత్ యూ' అన్నాడు. టీచరు మొహం మీదే, నీ మీద నాకు కోపంగా ఉంది అని! అమ్మతో మనం ఆ మాట అని ఉంటే పళ్లు రాలేవి. నేను గుమ్మం దగ్గర వాడి వీపు పగలడం కోసం చూస్తున్నాను. ఆవిడ వాణ్ని దగ్గరికి పిలిచి, 'చెప్పినందుకు థాంక్యూ నాన్నా, ఎందుకో కూడా చెప్పు' అన్నారు. చూశావా, కోపం చెప్పినందుకు థాంక్యూ!

సాయంత్రాలు పెరట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆవిణ్ని అడుగుతుంటాను. "మన తెలుగులో ఇన్ని లేవేంటండి?" అన్నానొకసారి.

"లేకేం? అలక అనే మాటకి నాకు ఇంతవరకూ ఇంగ్లీషు దొరకలేదు నాగమణీ. మనకి మాటలున్నాయి, పైకి అనం. అంతే తేడా" అన్నారు.

"మరి బెంగకేమంటారండి?"

"హోమ్‌సిక్ అంటారు. హోమ్ అంటే ఇల్లు, సిక్ అంటే జబ్బు."

ఇంటి జబ్బు! తెల్లదొరలకి కూడా బెంగ ఉంటుందనీ, అది జబ్బని వాళ్లకి కూడా తెలుసనీ అనుకుంటే ఏదోలా అయింది. నాకున్నది ఆ జబ్బే అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి చిక్కుడుకాయలు ఒలుచుకున్నాను.

ఇంతమంది పిల్లలు ఇన్ని మాటలు చెబుతుంటే మన దుర్గ ఏం చెప్పేదో తెలుసా? ఒకటే. నవ్వే మొహం మీద వేలు పెట్టి 'ఐ యామ్ హ్యాపీ' అనేది. స్కూల్లో చేరినప్పటి నుంచి రోజూ అదే. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న రోజు కూడా హ్యాపీయే. ఒకసారి మెట్ల మీద పడి మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతుంటే, కళ్లమ్మట ధారలు కారుస్తూ 'ఐ యామ్ హ్యాపీ టీచర్' అంది. క్లాసు క్లాసంతా పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి దానికి హ్యాపీ దుర్గ అని పేరు పడింది.

రూతు టీచరు గారు నన్ను పిలిపించారు. "నాగమణీ, పిల్లకి మాటలన్నీ వచ్చు. అడిగితే అర్థాలు చెబుతుంది, తప్పు లేకుండా రాస్తుంది. తన సంగతి చెప్పమంటే మాత్రం హ్యాపీ తప్ప ఇంకో మాట రాదు. ఇంట్లో ఏమైనా కొడుతున్నావా?"

"లేదండి, ఒట్టండి!"

"కరస్పాండెంటు గారు మాటల పరీక్షకి వస్తున్నారు. ఆయన అడిగేది ఇదే, నీకెలా ఉంది, ఎందుకలా ఉంది అని. దుర్గ ఇలాగే అంటే చిలక పలుకులంటారు. ఈ స్కూలుకి ఈ పిల్ల తగదు, వేరే బడిలో వేసుకోండి అనేస్తారు. పోయినేడు ఇద్దరిని అలాగే పంపించేశారు. తర్వాత నేను చెప్పినా వినరు."

కరస్పాండెంటు గారంటే స్కూలు ఆయనదే. బియ్యం మిల్లు కూడా ఉంది. మాట కటువు. ఆయన గేటులోకి వస్తుంటే టీచర్లే కొంగులు సర్దుకుంటారు. దుర్గని పంపించేస్తే నాకిక్కడ పనేముంది? మళ్లీ మూట నెత్తిన పెట్టుకుని రైలెక్కాలి. దుర్గ మళ్లీ రేవులో చేపల బుట్టల దగ్గర కూర్చోవాలి. మా ఆయన్ని ఒప్పించి, అత్త చేత మాటలు పడి, ఇల్లు వదిలి వచ్చింది ఇందుకా అనిపించింది.

గదికి వచ్చి దుర్గని నిలదీశాను. "మోకాలు చీరుకుపోతే హ్యాపీ ఏంటే? బుద్ధుందా నీకు? నొప్పుంటే నొప్పని చెప్పలేవా?"

అది తల దించుకుని, "నాన్న ఒడ్డున ఉన్నాడా అమ్మా?" అంది.

"నాకేం తెలుసు?"

"నాక్కూడా తెలియదు. అందుకే."

మన ఊళ్లో అయితే పిల్లలు గట్టు మీదకి వెళ్లి చూస్తారు. పడవ కనిపిస్తే ఇక ఏడ్చినా మొత్తుకున్నా అడ్డులేదు. తెనాలిలో ఏం చూస్తుంది? పడవ ఎప్పుడు వెళ్లిందో, ఎప్పుడు వచ్చిందో దీనికి తెలిసే దారి లేదు. అందుకని ఎందుకైనా మంచిదని ఒక్క దిగులు మాటా నోటికి రానివ్వకుండా ఇన్నాళ్లూ హ్యాపీ హ్యాపీ అంటూ నెట్టుకొచ్చింది. అంత పిల్ల! నేను మాత్రం చేసిందేంటి? చిక్కుడుకాయలు ఒలుస్తూ నేను మింగిన మాట కూడా అందుకే మింగాను. నీకు రాసిన ఉత్తరాలూ అందుకే అలా రాశాను. తల్లీకూతుళ్లం ఒకే గదిలో ఉంటూ ఒకరికి తెలియకుండా ఒకరం నోళ్లు కుట్టుకుని బతికాం.

రూతు టీచరు గారికి చెబుదామంటే ఎలా చెప్పను? చెప్పాలంటే ఆ మాటలు అనాలి. అప్పుడు పడవ ఎక్కడుందో నాకు తెలియదు. పోనీ దుర్గతో ఆ ఒక్క రోజుకి ఇంకేదో అనమందామా అంటే, రేపొద్దున ఏదైనా జరిగితే పిల్ల జన్మంతా తన నోటి వల్లే అనుకుంటుంది. అనమనీ అనలేదు, అనొద్దనీ అనలేదు. పరీక్ష రానే వచ్చింది.

అది ఏ రోజో నీకు వేరే చెప్పక్కర్లేదు. మొన్నటి వాయుగుండం రోజే. ముందురోజు నుంచీ ముసురు. ఆఫీసు గదిలో రేడియో నిజాంపట్నం రేవులో ప్రమాదం జెండా ఎగరేశారని చెప్పింది. రేపల్లె నుంచి వచ్చిన పాలవాడు మన ఊరి పడవలు కొన్ని ఇంకా లోపలే ఉన్నాయన్నాడు. దుర్గ నా పక్కనే నిలబడి విన్నది. నేను దాని మొహం చూడలేదు, అది నా మొహం చూడలేదు. జడ వేసి పంపించాను.

కరస్పాండెంటు గారు గొడుగు విదుల్చుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. పిల్లలు ఒక్కొక్కరే వెళ్లి, అమ్మ పకోడీ చేస్తానంది కాబట్టి హ్యాపీ, బూట్లు తడిసినందుకు అన్నాయ్‌డ్, ఇలా చెప్పి వస్తున్నారు. ఆయన తల ఊపుతున్నారు. దుర్గ పేరు పిలిచారు. వెనక బెంచీలో ఎవడో 'హ్యాపీ, హ్యాపీ' అని కిసుక్కున నవ్వాడు.

దుర్గ అట్ట దగ్గరికి వెళ్లింది. నవ్వే మొహం దాటింది. కళ్లు ఇంతింత చేసుకున్న మొహం మీద అరచెయ్యి మొత్తం ఆనించింది. "ఐ యామ్ అఫ్రెయిడ్ సార్" అంది. "మై ఫాదర్ ఈజ్ ఇన్ ది సీ."

నేను మంచినీళ్ల గ్లాసు గుమ్మం పక్కన పెట్టేశాను.

అది అక్కడ ఆగలేదు అక్కా. పక్క మొహానికి వెళ్లింది. ఐ యామ్ వర్రీడ్ అంది. ఆ పక్క మొహం, ఐ యామ్ లోన్లీ. ఇంకోటి, ఐ యామ్ హోమ్‌సిక్. మూతి ముడిచిన మొహం ముట్టుకుని, పిల్లలు నవ్వుతారు కాబట్టి యాంగ్రీ అంది. చేరినప్పటి నుంచీ మూటకట్టుకున్నవన్నీ ఆ గోడ మీద పరిచేసింది. నవ్వినవాడు నోరు మూసుకున్నాడు. రూతు టీచరు గారు కళ్లజోడు తీసేశారు. నాకు ఇంగ్లీషు రాదు కదా, కానీ ఒక్క మాట కూడా నాకు అర్థం కాకుండా పోలేదు. అది నా కడుపున పుట్టిన పిల్లేనా అని చూస్తూ ఉండిపోయాను.

కరస్పాండెంటు గారు లేచి నిలబడ్డారు. "ఏ ఊరు పాపా మీది?" అన్నారు తెలుగులో.

"నిజాంపట్నం సార్."

ఆయన తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్లి ఫోను తీశారు. రేపల్లెకి లైను లేదన్నారు. బాపట్లలో ఉన్న వియ్యంకుడికి చేసి, "సూర్యలంక వైపు నిజాంపట్నం పడవలు ఏమైనా కొట్టుకొచ్చాయేమో మనిషిని పంపి కనుక్కో బావా, ఇక్కడ మా పిల్ల ఒకతి కంగారు పడుతోంది" అన్నారు. మా పిల్ల అన్నారక్కా! రేడియో వార్త నేను కూడా విన్నాను కదా, ఆ ఫోను పక్కనే బల్ల తుడిచాను కదా, అడగడానికి నాకు నోరు రాలేదు. నోరు తెరిస్తే భయం బయటపడుతుందని. అది ఒక్క మాట అంటే అంత పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు.

అప్పటికప్పుడు నాకు అవన్నీ తట్టలేదులే. దుర్గని రెక్క పట్టుకుని వసారాలోకి లాక్కొచ్చాను. "ఏం పని చేశావే! నాన్న ఇంకా నీళ్ల మీద ఉంటే ఆ మాటలేంటే, ఆ మాటలేంటి!"

అది నా చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "ఇంగ్లీషులోనేగా అన్నాను అమ్మా" అంది. "మన ఊళ్లో ఇంగ్లీషు ఎవరికొచ్చు? ఎవరికీ రాదుగా. సముద్రానికి మాత్రం ఎవరు నేర్పుతారు?"

ఎన్నాళ్లు ఆలోచించిందో ఆ సంగతి! పడవ బయట ఉండగా భయం చెప్పుకోవడానికి ఒక సందు దొరుకుతుందని మన అమ్మకి తట్టలేదు, అమ్మమ్మకి తట్టలేదు, నీకూ నాకూ తట్టలేదు. గుళ్లో దేవుడి మొహం చూసినట్టు దాని మొహం చూశాను నేను.

ఆ పూటంతా ఏ కబురూ లేదు. స్కూలు వదిలేశారు, వాన వదల్లేదు. నీళ్ల డ్రమ్ము దగ్గర దుర్గా నేనూ చూరు కింద నిలబడ్డాం. దానితో, "ఆ కళ్లు పెద్దవి చేసిన దాన్నేమంటారే?" అన్నాను. అది చెప్పింది. నేనూ అన్నాను. ఐ యామ్ అఫ్రెయిడ్. మొదటిసారి సగమే వచ్చింది. మళ్లీ అన్నాను. గట్టిగా అన్నాను. అంటుంటే కళ్లమ్మట నీళ్లు జారాయి, దుర్గ కొంగుతో తుడిచింది. భయం పోలేదక్కా. అది ఉన్నంతా ఉంది. కానీ అంతకుముందు నేనొక్కదాన్నే దాన్ని మోసేదాన్ని, ఆ సాయంత్రం ఇద్దరం మోశాం.

మర్నాడు మధ్యాహ్నం బాపట్ల నుంచి ఫోనొచ్చింది. మన పడవలు కొన్ని ఆ పక్క ఇసకలోకి ఎక్కాయట, మనుషులంతా క్షేమమట, బడిలో పడుకోబెట్టి అన్నాలు పెడుతున్నారట. "నీ మొగుడి పేరేంటమ్మాయ్?" అని కరస్పాండెంటు గారు ఫోను చెవిన పెట్టుకునే అడిగారు. మొగుడి పేరు నేనెక్కడ అంటాను? నీళ్లు నములుతుంటే దుర్గే ముందుకొచ్చి, "పోలయ్య సార్, మా పెదనాన్న అప్పారావు సార్" అంది. ఆయన అవతలికి చెప్పి, విని, నావైపు తిరిగి తల ఊపారు. ఇద్దరూ ఉన్నారని.

నీకా కబురు అందేసరికి ఇంకో రోజు పట్టిందని మా ఆయన తర్వాత చెప్పాడు. ఆ రోజంతా ఎవరడిగినా నువ్వు 'వస్తున్నారు, వస్తున్నారు' అనే చెప్పి ఉంటావు. నాకు తెలిసి కూడా నీకు చెప్పే దారి లేక అల్లాడిపోయాను.

దుర్గని పంపించరు. మార్కులు బాగా వేశారు. ఇప్పుడు రోజుకో మొహం ముట్టుకుంటోంది, ఎక్కువసార్లు యాంగ్రీయే, నీ పోలికే. మొన్న మా ఆయన వచ్చినప్పుడు ఈ సంగతంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. వెలిగించబోయిన బీడీ పక్కన పెట్టి, ఆ మాటేదో మళ్లీ చెప్పమని దుర్గనడిగాడు. నెమ్మదిగా కూడబలుక్కుని, "ఇసక తగిలేదాకా నేను కూడా అఫ్రెయిడే" అన్నాడు. మగాడి నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. కావాలంటే బావని కూడా అడిగి చూడు.

అక్కా, ఇక్కడి నుంచి చదివేటప్పుడు అమ్మని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో.

అమ్మా, నేను నాగమణిని. ఎదురుగా అనలేక కాగితం మీద అంటున్నాను. నాన్న పడవ వెళ్లినప్పుడు నేను దుర్గంత కూడా లేను. మిగతా పడవలొచ్చాయి, నాన్నది రాలేదు. ఊరంతా ఏడుస్తుంటే నువ్వు ఏడవలేదు. కర్మ చెయ్యనివ్వలేదు, బొట్టు ముట్టుకోనివ్వలేదు. ఎవరడిగినా 'వస్తాడు' అన్నావు. నీకు మతి పోయిందన్నారు, మనసు లేదన్నారు, అందరివీ పడ్డావు. ఎందుకో నాకు దుర్గ వల్ల ఇప్పుడు తెలిసింది. నీ లెక్కలో పడవ ఇంకా బయటే ఉంది. పడవ బయట ఉండగా ఆ మాట అనకూడదు. అందుకని మోకాళ్లు నొప్పి అంటావు గాని, ఇంకెక్కడా నొప్పి అనవు. ఇన్నేళ్లు ఎలా పట్టుకున్నావమ్మా?

నీకోసం దుర్గా నేనూ ఒక మాట వెతికాం. నేను శాడ్ అన్నాను. అది వద్దంది, అమ్మమ్మ ఒప్పుకోదంది. రూతు టీచరు గారినడిగి వేరే మాట తెచ్చింది. ఐ మిస్ హిమ్. ఆయన పోయాడని ఇందులో లేదమ్మా. రాడని కూడా లేదు. ఆయన లేని చోటు నాకు తెలుస్తోంది అని మాత్రమే ఉంది. ఇది అంటే బొట్టు తీయక్కర్లేదు. ఎదురుచూడటం మానక్కర్లేదు. గట్టు మీద నిలబడి సముద్రం మొహాన్నే అను, దానికి అర్థం కాదు.

అత్తకీ మామకీ నా నమస్కారాలు చెప్పు అక్కా, వీధిలో నన్నడిగిన వాళ్లందరికీ పేరుపేరునా చెప్పు. అమ్మ కాళ్లకి నా బదులు నువ్వు దండం పెట్టి దీవెన తీసుకో, ఇక్కడ దుర్గ తల మీద అక్షింతలు నేను వేస్తాను. అమ్మని గట్టు మీదకి తీసుకెళ్లినప్పుడు చెయ్యి వదలకు. ఆవిడ అన్నాక నువ్వు కూడా అను. నాన్న నీకూ నాన్నే కదా.

నీ చెల్లెలు
నాగమణి